పోస్టెక్కిన చేర్యాల బొమ్మ

చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. 2016 దసరా నాడు కొత్త జిల్లాలు వచ్చేదాకా వరంగల్ జిల్లాలోదే. రెవెన్యూ కాగితాల్లో జిల్లా మారింది గానీ తపాలా వాళ్ల లెక్క మారలేదు. ఆ ఊరి పిన్ కోడ్ 506223. మొదటి మూడంకెలు వరంగల్, హనుమకొండలవే. అంటే అక్కడ బొమ్మలు చేసే నకాషీ కళాకారుల బొమ్మ పోస్టాఫీసు గడప తొక్కిందంటే ఇప్పటికీ వరంగల్ బొమ్మే.

గడప తొక్కడం ఈమధ్య బాగా పెరిగింది. ఒకప్పుడు చేర్యాల మాస్కుల జత కావాలంటే గోల్కొండ ఎంపోరియానికో, శిల్పారామం మేళాకో, నేరుగా కళాకారుల ఇంటికో వెళ్లేవారు. కొన్నది ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చుకునేవారు. ఇప్పుడు ఫోన్లో ఫొటో చూస్తారు, ఫోన్లోనే డబ్బు పంపుతారు, అడ్రసు పెడతారు. చెయ్యి తిరిగిన నకాషీకి బొమ్మ చెయ్యడం కొత్త కాదు. దాన్ని అట్టపెట్టెలో పెట్టి బెంగళూరుకో డాలస్‌కో క్షేమంగా చేర్చడం మాత్రం కొత్త పనే. తాతలు నేర్పని పని.

పూర్తిగా నేర్పలేదని కూడా అనలేం. యాదవులకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులు గుడ్డ మీద కథ గీసిన పటానికి బదులు బొమ్మలు వాడతారు. యాభై దాకా ఉండే ఆ బొమ్మలన్నీ చేర్యాల నకాషీలు చేసి ఇచ్చినవే. కథలో ఎవరి వంతు వస్తే ఆ బొమ్మను ముందుకు తెచ్చి నిలబెట్టి కథ నడుపుతారు. కథ అయ్యాక అన్నిటినీ పెట్టెల్లో సర్దుకుని మరో ఊరికి కదులుతారు. బండ్ల మీద, గతుకుల దారుల్లో తిరగాల్సిన బొమ్మ కాబట్టే తేలిక కొయ్యతో, ముద్దగా, చేతులు ఒంటికి దగ్గరగా ఉండేలా చేసేవారు. ప్యాకింగ్‌లో సగం పని చెక్కేటప్పుడే అయిపోయేదన్నమాట. పైగా ఆ పెట్టె మోసేవాడు, తెరిచేవాడు, మళ్లీ సర్దేవాడు ఒక్కడే. ఏ బొమ్మకు ఎక్కడ బలహీనమో వాడికి తెలుసు. ఇవాళ్టి పార్సిల్‌ని చేతులు మార్చేవాళ్లలో లోపలేముందో తెలిసినవాడు ఒక్కడూ ఉండడు.

అందుకే పెట్టె సంగతి తరవాత, ముందు బొమ్మ ఎలా తయారైందో చూడాలి. చేర్యాల బొమ్మకు తెల్ల పొణికి కొయ్య గానీ, రంపపు పొట్టులో చింతగింజల అంబలి కలిపిన ముద్ద గానీ ఆధారం. చిన్న మాస్కులకు కొబ్బరి చిప్ప పునాది. దాని మీద ఆ ముద్దతోనే ముక్కు, పెదాలు, మీసాలు తీరుస్తారు. ఆరాక సుద్దమట్టి పూత, నునుపు చేశాక రంగు. పాతకాలంలో శంఖాల పొడి తెలుపు, దీపపు మసి నలుపు, ఇంగిలీకం ఎరుపు. ఇప్పుడు ఎక్కువగా కొట్లో దొరికే నీటిరంగులే. ఇన్ని పొరల బొమ్మలో కొయ్య దెబ్బను బాగానే తట్టుకుంటుంది. తట్టుకోనిది సుద్ద. కొయ్యకు చిన్న నొక్కు పడితే దాని మీది సుద్ద పెచ్చు లేచిపోతుంది, రంగు కూడా దాంతోపాటే పోతుంది. ఇక చింతగింజల జిగురు తేమను పీల్చుకునే సరుకు. బూజుకు, పురుగుకు అది తిండి.

కొండపల్లి బొమ్మ వేరే రకం. కొయ్య అదే తెల్ల పొణికి గానీ బొమ్మను ముక్కలు ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అంబారీ మీద గొడుగు, తాటిచెట్టుకు మట్టలు, ఎడ్లబండికి చక్రాలు, రాధ చేతికి కృష్ణుడి చెయ్యి, ఇలా పొడుచుకొచ్చిన ప్రతి చోటా ఒక అతుకు. దెబ్బ తగిలితే ముందు ఊడేది అక్కడే. ఏటికొప్పాక బొమ్మ అయితే అంకుడు కర్రను చిత్రిక పట్టి, తిరుగుతుండగానే లక్క పూసి చేసింది. గుండ్రంగా, నున్నగా ఉంటుంది కాబట్టి మూడింటిలోకీ ప్రయాణానికి మొండి ఘటం అదే. దానికి వేడి ఒక్కటే గిట్టదు, లక్క కరుగుతుంది. ఈ మూడింటినీ ఒకే పద్ధతిలో బబుల్ రేపర్ చుట్టి పంపే అమ్మకందారులు చాలామందే ఉన్నారు. విరిగాక కొరియర్ వాడిని తిట్టుకోవడం కూడా మామూలే.

కొరియర్ వాడి వైపు నుంచి చూస్తే కథ ఇది. పార్సిల్ కౌంటర్ నుంచి సంచిలోకి, సంచిలోంచి వ్యానులోకి, సార్టింగ్ కేంద్రంలో బెల్టు మీదికి, మళ్లీ లారీకి, చివరికి ఎవరి బైకు వెనకకో చేరుతుంది. ఎత్తి దించిన ప్రతిసారీ జారే అవకాశం ఉంటుంది. ప్యాకింగ్‌ను పరీక్షించే ఇస్టా అనే అంతర్జాతీయ సంస్థ ఈ జారుడును లెక్కలోకి తీసుకునే నియమాలు రాసింది. దాని ప్రాథమిక పరీక్షలో పది కిలోల లోపు పెట్టెను 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, అంటే ఇంట్లో భోజనాల బల్ల ఎత్తు నుంచి, పదిసార్లు కింద పడేస్తారు. ఒకసారి మూల మీద, మూడుసార్లు అంచుల మీద, ఆరుసార్లు ఆరు ముఖాల మీద. లోపలి వస్తువు చెక్కుచెదరకపోతేనే ప్యాకింగ్ పాసైనట్టు. ఇంట్లోనే ఈ పరీక్ష చేసుకోవచ్చు. అదే బరువున్న చెక్కముక్కనో పాత బొమ్మనో పెట్టెలో పెట్టి బల్ల మీది నుంచి తోసి చూస్తే పదో దెబ్బకు సగం ప్యాకింగ్‌ల గుట్టు బయటపడుతుంది. ‘జాగ్రత్త, పగిలే వస్తువు’ అనే ఎర్ర స్టిక్కరు అంటిస్తే మంచిదే, తప్పేం లేదు. అయితే సంచిలో వందో పెట్టెగా, చీకట్లో, తలకిందులుగా ఉన్నప్పుడు దాన్ని చదివేవాళ్లెవరు?

నెత్తిన బిందె, దాన్ని పట్టుకున్న ఒక చెయ్యి, నడుము మీద ఇంకో చెయ్యి ఉన్న జానెడు ఆడబొమ్మ ఒకటి కట్టాలనుకుందాం. మొదటి పని, కట్టకపోవడం. రంగు చేతికి అంటకపోవడం వేరు, లోపలి దాకా ఆరడం వేరు. వార్నిష్ వేసిన మరునాడే కాగితం చుడితే, విప్పేవాడికి బొమ్మ మీద కాగితం పోగులు కనిపిస్తాయి. కొన్ని రోజులు గాలికి వదలాలి. వానాకాలమైతే ఇంకొన్ని రోజులు.

ఆరాక బొమ్మ ఒంటికి తగిలే మొదటి పొర మెత్తటి తెల్ల టిష్యూ కాగితం గానీ, బటర్ పేపర్ గానీ కావాలి. పాత పేపర్లు ఇంట్లో కుప్పలుగా ఉంటాయి, చవక కూడా. కానీ అచ్చు సిరా తెల్ల సుద్ద మీద దిగిందంటే బొమ్మ చెంప మీద నల్లమరక మిగిలిపోతుంది. దూది కూడా పనికిరాదు. పత్తికి పేరుపడ్డ వరంగల్ ఎనుమాముల మార్కెట్ పక్కనే ఉన్నా సరే. పోగులు మీసాలకీ ముక్కుపుడకకీ చిక్కుకుంటాయి. ఒకసారి అణిగిన దూది మళ్లీ లేవదు, దాంతో పెట్టెలో ఖాళీ పడుతుంది. తరవాత బిందెకీ తలకీ మధ్య సందులో, నడుము మీది చేతి వంపులో టిష్యూ ఉండలు వదులుగా పెట్టాలి. కుక్కకూడదు. కుక్కితే ఆ చెయ్యి లోపలి నుంచే విరుగుతుంది. ఇక బొమ్మను పట్టుకోవాల్సింది పీటం దగ్గర, నడుము దగ్గర. మందమైన అట్టకు రెండు బెజ్జాలు పెట్టి, నూలు నాడాతో పీటాన్ని దానికి కట్టేస్తే బొమ్మ పెట్టెలో కదలదు. బిందె, మోచెయ్యి ఏ గోడనూ తాకకుండా గాలిలో ఉంటాయి. బలమున్న చోట బిగింపు, బలం లేని చోట ఖాళీ. మ్యూజియాల్లో విగ్రహాలు తరలించేవాళ్లు ఫోమ్‌ను బొమ్మ ఆకారంలో తొలిచి చేసేదీ ఇదే. నాడాతో ఖర్చు తక్కువ, అంతే తేడా.

ఈ లోపలి పెట్టెను మరో పెద్ద పెట్టెలో పెట్టాలి. రెంటికీ మధ్య అన్ని వైపులా రెండంగుళాల మెత్త ఉండాలి. అడుగున కూడా. చాలామంది పైన, పక్కన నింపి అడుగు మర్చిపోతారు, పెట్టె పడేది దాని మీదే. పై పెట్టె ఐదు పొరల అట్టది, మార్కెట్లో ఫైవ్ ప్లై అంటారు, అదైతే మేలు. మూడు పొరలది చిన్న దూరాలకు చాలు. అట్ట లోపలి గాళ్లు నిలువుగా ఉండేలా పెట్టె నిలబడితే పైబరువును బాగా మోస్తుంది. అడ్డంగా ఉంటే నలుగుతుంది. ఒకసారి తడిసి ఆరిన పాత పెట్టె చూడ్డానికి గట్టిగానే ఉంటుంది గానీ నమ్మకూడదు. మూత వేశాక చెవి దగ్గర పెట్టి ఊపి చూడాలి. ఏ చప్పుడు వచ్చినా మళ్లీ విప్పాల్సిందే.

బబుల్ రేపర్ గురించి ఒక మాట. 1957లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ ఫీల్డింగ్, మార్క్ షవాన్ అనే ఇద్దరు ఇంజనీర్లు గోడలకు అంటించే కొత్తరకం కాగితం చేద్దామని బయల్దేరి దీన్ని కనిపెట్టారు. గోడ కాగితంగా ఎవరూ కొనలేదు. ఆ తరవాత ఐబీఎం 1401 కంప్యూటర్లను చుట్టడానికి పనికొచ్చి, లోకమంతా పాకింది. మంచి సరుకే, అయితే రంగుబొమ్మకు నేరుగా చుట్టే సరుకు కాదు. ఒత్తిడికి బుడగల గుండ్రని ముద్రలు వార్నిష్ మీద పడతాయి. మేలో వరంగల్‌లో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. ఆ ఎండలో మూసిన వ్యాను లోపల వేడి ఇంకెంతో ఊహించుకోవచ్చు. ఆ వేడికి మెత్తబడ్డ యాక్రిలిక్ రంగు ప్లాస్టిక్‌కు అంటుకుపోతుంది. టిష్యూ పొర అయ్యాకే బబుల్ రావాలి, అదీ బుడగలు బయటివైపుకు ఉండేలా.

వానాకాలానికి లెక్క వేరు. లోపలి పెట్టె చుట్టూ పాలిథిన్ సంచి, లోపల రెండు సిలికా జెల్ పొట్లాలు. పూర్తిగా ఆరని బొమ్మను పాలిథిన్‌లో బిగిస్తే మాత్రం బూజును చేతులారా పెంచినట్టే.

పటాల కష్టం ఇంకో రకం. చేర్యాల పటానికి ఖద్దరు గుడ్డ మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూస్తారు. ఆ పూత మీదే ఎర్రని నేల, దాని మీద కథ. మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ల పటాలు, జాంబ పురాణం చెప్పే డక్కలివాళ్ల పటాలు గజాల కొద్దీ పొడవుండేవి, చుట్టలుగానే బతికేవి. కథ చెప్పేవాడు రోజూ విప్పి చుడుతుంటాడు కాబట్టి గుడ్డకు ఆ వంపు అలవాటు. పాడైన పటాన్ని నదిలో నిమజ్జనం చేసి కొత్తది రాయించుకునే ఆచారం ఉంది, కాబట్టి కాస్త పగుళ్లొచ్చినా పట్టింపు లేదు. గోడకు తగిలించుకుందామని కొన్న ఆసామి ఒక్క పగులు కనిపించినా ఊరుకోడు. చిన్న పటాన్ని మడతపెట్టకుండా, రంగు వైపు బయటికి ఉండేలా, వీలైనంత లావు గొట్టం మీద చుట్టాలి. లోపలివైపుకు చుడితే రంగుపొర నలిగి ముడతలు పడుతుంది. సన్నని గొట్టం అయితే ఎటు చుట్టినా ముప్పే. అద్దం ఫ్రేముతో పంపమని అడిగేవాళ్లను బతిమాలైనా సరే ఒప్పించి, పటం ఒక్కటే పంపడం నయం. ఫ్రేము ఏ ఊళ్లోనైనా కట్టించుకోవచ్చు. తప్పనిసరైతే అద్దం మీద టేపు అడ్డదిడ్డంగా అంటించాలి. పగిలినా ముక్కలు పటాన్ని చీల్చవు.

ఇక ఎవరితో పంపాలి? 1986లో మొదలైన స్పీడ్ పోస్టు ఇప్పటికీ ఏ పల్లెకైనా వెళ్తుంది, ముప్పై ఐదు కిలోల దాకా తీసుకుంటుంది. రాష్ట్రం లోపల ఆర్టీసీ కార్గో ఉండనే ఉంది. 2020లో మొదలైన ఈ సర్వీసు భద్రాచలం తలంబ్రాలను కూడా భక్తుల ఇళ్లకు చేర్చింది. బియ్యపు గింజలకు విరిగే భయం లేదు, బొమ్మకు ఉంది. అయినా హనుమకొండలో ఎక్కించి హైదరాబాద్‌లో దించుకునే పెట్టెకు చేతులు మారడం తక్కువ, అందుకే దెబ్బలూ తక్కువ. ప్రైవేటు కొరియర్లలో చూసుకోవాల్సింది పరిమాణపు బరువు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం చాలా సంస్థల పద్ధతి. 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టె కాటా మీద కిలోన్నర తూగినా బిల్లు 7.2 కిలోలకు వేస్తారు. తేలిక కొయ్య బొమ్మలవాళ్ల కడుపు కొట్టే లెక్క ఇది. డబ్బు కలిసొస్తుందని రెండో పెట్టె మానేయడం ఇక్కడే మొదలవుతుంది. దానికన్నా పెట్టె ఖర్చు కొనేవాడికి ముందే చెప్పి ధరలో కలపడం మేలు. ఎలా కట్టామో ఒక ఫొటో పంపితే బేరమాడేవాళ్లు కూడా ఒప్పుకుంటారు.

సముద్రం దాటే పెట్టెకు కాగితాలు కూడా సరిగ్గా ఉండాలి. దసరా బొమ్మల కొలువు కోసం, సంక్రాంతి కోసం అమెరికా, ఆస్ట్రేలియాల్లోని తెలుగువాళ్లు కొండపల్లి, చేర్యాల బొమ్మలు తెప్పించుకుంటారు. పెట్టె మీద సీఎన్ 22 గానీ, విలువ ఎక్కువైతే సీఎన్ 23 గానీ కస్టమ్స్ ఫారం అంటించాలి. ‘బొమ్మలు’ అని రాసి వదిలేస్తే పిల్లల ఆటవస్తువులు అనుకుంటారు. కొయ్యతో చేసిన అలంకార బొమ్మ అని, అంతర్జాతీయ సరుకు కోడ్ 4420తో రాస్తే ప్రశ్నలు తగ్గుతాయి. చేత్తో వేసిన పటానికి 9701. సుంకం తప్పించుకుందామని విలువ తగ్గించి రాసే తెలివి కొందరికి ఉంది. పెట్టె పోయిన రోజున పరిహారం కూడా ఆ తగ్గించిన విలువ దగ్గరే ఆగుతుందని వాళ్లకు అప్పుడు గుర్తొస్తుంది. వాణిజ్యంగా పంపేవాళ్ల కోసం తపాలా శాఖ 2022 నుంచి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు నడుపుతోంది. ఎగుమతి బిల్లును ఆన్‌లైన్‌లోనే వేసి దగ్గరి పోస్టాఫీసులో పెట్టె ఇచ్చేయొచ్చు. చిన్న కళాకారుడు ఏజెంటు చుట్టూ తిరిగే అవసరం తగ్గించిన ఏర్పాటు ఇది.

అమెరికా దారి 2025లో కొన్నాళ్లు మూసుకుపోయింది కూడా. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును అక్కడి ప్రభుత్వం ఆగస్టు 29 నుంచి ఎత్తేయడంతో మన తపాలా శాఖ బుకింగ్ ఆపేసింది. అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. మధ్యలో దసరా వచ్చి వెళ్లిపోయింది.

ఆస్ట్రేలియాకు పంపేవాళ్లకు ఇంకో చిక్కు. గాజులకీ కుండలకీ వరిగడ్డి చుట్టడం, ఊకలో పాతిపెట్టడం మనకు అనాదిగా ఉన్న మంచి పద్ధతే. అక్కడి క్వారంటైన్ వాళ్లకు మాత్రం గడ్డిపరక కనిపిస్తే పెట్టె మొత్తం అనుమానమే. చెక్కపెట్టెలో పంపాలన్నా నియమం ఉంది. ఆరు మిల్లీమీటర్ల కంటే మందమైన పచ్చి చెక్కను దాని గుండె దాకా 56 డిగ్రీల వేడి అరగంట తగిలేలా కాచి, గోధుమ కంకి గుర్తు ముద్ర వేయించాలి. ప్లైవుడ్‌కు ఈ నియమం లేదు కాబట్టి ప్లైవుడ్ వాడుకుంటే సరి. అటకమీది పాతవాటిని పంపాలనుకునేవాళ్లు మరొకటి చూసుకోవాలి. వందేళ్లు దాటిన పటం, బొమ్మ 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని దేశం దాటించడం నేరం.

పెట్టె చేరాక అందుకున్నవాళ్లకూ కాస్త పని ఉంది. చలిదేశాల్లో బయటి నుంచి తెచ్చిన వెంటనే వెచ్చటి గదిలో విప్పితే చల్లటి బొమ్మ మీద చెమ్మ పడుతుంది, సుద్ద ఉబ్బుతుంది. ఒక రోజు గదిలో ఉంచి తరవాత విప్పాలి. బ్లేడు టేపు లోతుకు మించి దిగకూడదు. బొమ్మను చేతులు, బిందె పట్టుకుని లాగకుండా, నాడా విప్పి పీటం పట్టుకుని లేపాలి. ఏదైనా విరిగి ఉంటే పెట్టె, మెత్తలు పారేయకముందే ఫొటోలు తీసుకోవాలి, ఫిర్యాదుకు అవి కావాలి. ఊడిన చెయ్యి చిన్న ముక్కైనా టిష్యూలో చుట్టి దాచాలి. ఇంట్లోని ఫెవికాల్‌తో ఆదరాబాదరా అతికిస్తే ఆ జిగురు గీకడానికి నకాషీకి బొమ్మ చేసినంత పని పడుతుంది. ముక్క ముక్కగానే తిప్పి పంపితే చింతగింజల ముద్దతో అతికి, సుద్ద పూసి, అదే రంగు కలిపి వేస్తారు. కళాకారుల ఇళ్లలో కొత్త బొమ్మల పక్కనే ఇలాంటి మరమ్మతులూ సాగుతాయి. తిప్పి పంపేటప్పుడు పెట్టె మీద పిన్ కోడ్ 506తో మొదలైనా కింద జిల్లా సిద్దిపేట అనే రాయాలి.